ఆరోసారి వెళ్ళింది నేను

మార్చి 2

ఉడుతా,

నీ కొలతల పుస్తకంలోనే వెనక నుంచి రాస్తున్నాను. ముందువైపు నీ రాత ఉంది. భుజం ఇంత, చెయ్యి ఇంత, నాన్న వాలిన భుజం ఇంకో అరంగుళం కిందకి, అని. దాని జోలికి నేను రాను.

ఐదో తరగతి చదువు నాది. తప్పులుంటే నవ్వుకో. ఎప్పుడూ నవ్వేదానివేగా.

నువ్వు పోయి ఈరోజుకి పందొమ్మిది రోజులు.

ఆ రోజు నేను ఆపాను. నువ్వే వినలేదు.

మార్చి 3

పనికి వెళ్ళాను. కాజాలు కుట్టాను. వచ్చాను.

మార్చి 5

నీ నేస్తం పొడుగుపిల్ల వచ్చింది. నా పళ్ళెంలోంచి లాక్కుని తిన్న పిల్ల, ఇవాళ కొత్త మనిషిలా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఆంటీ, కంపెనీ గది ఖాళీ చెయ్యమంటున్నారు. నెలాఖరు దాకా ఆగుతామన్నారు. మిషన్లు రెండూ మీ ఇంటికి పంపించేస్తాను."

"మరి మీ కంపెనీ?"

"కంపెనీ అంటే మేమిద్దరమేగా ఆంటీ." తల వంచుకుంది. అంత పొడుగు మనిషి తల వంచుకుంటే గుమ్మమంతా మూసుకుపోతుంది. "నాకు ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీకున చేరాలి."

నేను అడిగింది ఒక్కటే. "మరి ఆరోసారి ఎవరు వెళ్తారు?"

అది ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడవడానికి ఏముంది, న్యాయమైన ప్రశ్నేగా. మొండిసారు దగ్గరికి ఐదుసార్లు వెళ్ళావు, ఐదు 'కాదు'లు తెచ్చుకున్నావు. ఆరోసారి ఆయన గది బయట కుర్చీలో కూర్చున్నదానివి, లోపలికి పిలవకముందే ఆస్పత్రికి పోయావు. అంటే ఆరోసారి ఇంకా మిగిలే ఉంది. నీళ్ళు పడబోయే ముందు బావి పూడ్చేస్తారా ఎవరైనా?

నేను వెళ్తానన్నాను. పొడుగుపిల్ల నా వైపు ఎలా చూసిందంటే, మంచం మీదున్న మీ నాన్న లేచి పరుగెత్తుతానన్నా అలా చూసేది కాదేమో.

మార్చి 7

మొండిసారు సభలో చెప్పిన మాటలు మళ్ళీ విన్నాను, నీ ఫోన్లోనే. నువ్వు పెట్టిన పేరే, మొండిసారు. ఆయన అసలు పేరు నోటికి రాదు నాకు. కొత్త కంపెనీలకి డబ్బు పెడతాడు, ఇన్వెస్టరు అంటారమ్మా అన్నావు. మరి నీదేంటే అంటే స్టార్టప్ అన్నావు. అంటే ఏంటే అంటే, "ఇంకా స్టార్ట్ అవని కంపెనీ" అని పడీ పడీ నవ్వావు.

ఆయన కథ నీకంటే నాకే బాగా వచ్చు. మన పనిలోంచి వచ్చినవాడు మరి. మిల్లులో నూలు కండెలు మోసేవాడు. మిషను మీద కూర్చోనివ్వండి అని యజమాని దగ్గరికి ఐదుసార్లు వెళ్ళాడు. ఐదుసార్లూ పొమ్మన్నారు. ఆరోసారి ఒళ్ళు కాలిపోయే జ్వరం, పైన వాన. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. యజమాని కారు దిగి, ఇంత మొండివాణ్ణి చూడలేదని మిషను మీద కూర్చోబెట్టాడు. అక్కణ్ణుంచి జిప్పుల ఫ్యాక్టరీ, ఆ తర్వాత ఇంతమందికి డబ్బిచ్చే స్థితి. "ఆ రోజు జ్వరమని ఇంటికి పోయి పడుకుని ఉంటే నేనింకా కండెలు మోస్తూ ఉండేవాణ్ణి" అంటాడు చూడు, అక్కడ జనం చప్పట్లు కొడతారు. నేను గిన్నెలు తోముతూ వినేదాన్ని. చేతులు నురగలో ఉన్నా చప్పట్లు కొట్టాలనిపించేది.

నువ్వు దాంట్లోంచి గుట్టు లాగావు. "అమ్మా, ఆయన కూడా ఐదుసార్లు కాదంటాడు. తనకి జరిగినట్టే. ఆరోసారి వచ్చినవాళ్ళకే ఇస్తాడు. పరీక్ష అన్నమాట." నిజమే అనిపించింది. కష్టపడి పైకొచ్చినవాడు ఊరికే ఇస్తాడా?

'కాదు' అని ఉత్తరం వచ్చినప్పుడల్లా గది గోడకి అతికించేదానివి. ఒకదాని మీద ఒకటి, కింద సగం కప్పుకుపోయేలా, మెట్లు మెట్లుగా. పిండి జిగురు ఉడికించింది నేనే. నాలుగోది వచ్చిన రోజు "ఇంకొక్క మెట్టేనే" అని నేనే ముందన్నాను.

మార్చి 8

ఆ రోజు నేను ఆపాను. చెయ్యి పట్టుకుని మరీ ఆపాను.

మార్చి 10

పొద్దున నాన్నకి నీ చొక్కా వేశాను. ఎడమ చెయ్యి కదలని మనిషికి మామూలు చొక్కా వెయ్యాలంటే ఇద్దరు కావాలి, ముగ్గురు ఏడవాలి. నీ చొక్కా అయితే ఒక్కదాన్నే. భుజం మీద నుంచి మణికట్టు దాకా తెరుచుకుంటుంది. చెయ్యి దాంట్లో పడుకోబెట్టి మూస్తే టక్, టక్, టక్, అయస్కాంతాలు వాటంతటవే అతుక్కుంటాయి. ముందువైపు గుండీలు మాత్రం మామూలు వాటిలాగే ఉంటాయి, ఉత్తుత్తి గుండీలు. "గుండీల్లేని చొక్కా వేస్తే మగాళ్ళకి సిగ్గమ్మా" అన్నావు.

మొదటిసారి చూపించినప్పుడు నేనేమన్నాను? "ఒసేయ్, పదకొండేళ్ళుగా కాజాలు కుట్టి నిన్ను పెంచితే, కాజాలే అక్కర్లేని చొక్కా కనిపెట్టి తల్లి పొట్ట మీద కొడతావా?"

నాన్న కూడా నవ్వాడు. సగం మొహంతో.

పక్షవాతం వచ్చాక ఆయనకి మిగిలింది ఒక్క మాటే కదా, 'సరే'. ఆకలేస్తే సరే, కోపమొస్తే సరే. నువ్వు పోయావని చెప్పిన రోజు కూడా సరే అనే అన్నాడు. ఆపకుండా చాలాసేపు అన్నాడు.

మార్చి 12

మొండిసారు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. చొక్కా కంపెనీ అన్నాను. గుర్తుంది అంది. ఎవరు వస్తున్నారంది. అమ్మాయికి ఒంట్లో బాగాలేదు, వాళ్ళమ్మని, నేను వస్తాను అన్నాను.

అబద్ధం అనుకోకు. బాగాలేకపోవడమేగా.

ఇరవై నాలుగో తారీకు, పదకొండు గంటలకి.

మార్చి 15

పొడుగుపిల్ల నేర్పిస్తానని వచ్చింది. ఇష్టం లేకుండానే వచ్చింది.

"ముప్పై సెకన్లలో చెప్పెయ్యాలి ఆంటీ. అంతకంటే ఎక్కువ వినరు."

"ముప్పై సెకన్లలో సూదిలోకి దారం కూడా ఎక్కదే."

"ఎక్కాలి. సమస్య ఏంటి, మనం ఏం చేశాం, ఎంతమందికి పనికొస్తుంది. అంతే. ఊఁ, చెప్పండి."

"అయ్యా, మా ఆయనకి మూడేళ్ళ కింద..."

"మీ ఆయన వద్దు ఆంటీ."

"ఆయన వద్దంటే చొక్కా ఎవరికే?"

అక్కడికి అదీ నవ్వింది. నవ్వి, వెంటనే నోరు మూసుకుంది, ఎవరో కొట్టినట్టు. నేను చూడనట్టే ఉన్నాను. తినమని పెడితే ఆకలి లేదంది. దాని చేతులు చూశాను. కొలబద్దల్లా అయిపోయాయి.

వెళ్తూ వెళ్తూ అంది. "ఆంటీ, ఒకవేళ కాదంటే?"

"ఆరోసారి కాదనడు."

"ఒకవేళ."

నేను పళ్ళెం తీసేశాను. అంత చదువుకున్న పిల్లకి నేనేం చెప్తాను? ఆయన 'సరే' అంటే నువ్వు దేనికి పోయావో నాకు తెలుస్తుంది. అనకపోతే ఊరికే పోయినట్టు. నాకు డబ్బొద్దు, చొక్కా కూడా వద్దు. ఊరికే పోలేదని ఒక్క మాట కావాలి.

మార్చి 18

పనిలో ఆ ముప్పై సెకన్ల మాటలు గొణుక్కుంటుంటే కటింగ్ మాస్టారు విన్నాడు.

"ఏంటక్కా, మిషనుతో మాట్లాడుతున్నావు? బదులిస్తుందా?"

"నీకంటే నయం. మధ్యలో అడ్డు రాదు."

సంగతి చెప్పాను. కత్తెర కింద పెట్టేశాడు. "పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ మొహం వేసుకుని వెళ్ళకు. అడగడానికి వచ్చినట్టుండాలి, పరామర్శకి వచ్చినట్టు కాదు" అన్నాడు. తర్వాత తనే పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మార్చి 20

ఆపాను. తలుపు గడియ కూడా పెట్టాను. తీసుకుని వెళ్ళిపోయావు.

మార్చి 23

చొక్కా ఇస్త్రీ చేశాను. ఎప్పటికంటే బాగా.

మార్చి 24

వెళ్ళాను. వచ్చాను.

మార్చి 25

నిన్న రాయలేకపోయాను. పనికి వెళ్ళలేదు. కూర్చుని రాస్తున్నాను.

ఆఫీసులో నేల ఎంత నున్నగా ఉందంటే చెప్పులు విప్పాలేమో అనుకున్నాను. గోడ మీద మొండిసారు ఫొటో, చేతిలో నూలు కండె. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నన్ను చూడగానే లేచింది.

"చొక్కా అమ్మాయి వాళ్ళమ్మగారు కదూ? అచ్చు అదే మొహం. ఎలా ఉందండీ ఇప్పుడు? ఆ రోజు భయపెట్టేసిందనుకోండి."

"బాగానే ఉంది" అన్నాను.

"ఇదిగో, ఈ మూల కుర్చీలోనే. మెలికలు తిరిగిపోయింది పాపం. సారుకేమో వేరే మీటింగు తెమలలేదు. ఇంటికి వెళ్ళమ్మా, రేపు పొద్దున్నే మొదట నిన్నే పంపిస్తాను, నాదీ పూచీ అన్నాను. వింటేనా! 'మా అమ్మ ఓర్చుకోమంది అక్కా' అంటుంది. 'ఇంతదాకా వచ్చి వెనక్కి పోతే మా అమ్మ ఊరుకోదు' అంటుంది." నవ్వింది. "మీరు మహా స్ట్రిక్టులా ఉన్నారే!"

నేనూ నవ్వాను. నవ్వానే ఉడుతా. ఆ పిల్ల ముందు నవ్వకపోతే బాగుండదని నవ్వాను.

లోపలికి పిలిచారు. మొండిసారు ఫొటోలో ఉన్నంత లేడు. సన్నటి ముసలాయన, గ్లాసులో వేణ్ణీళ్ళు పెట్టుకుని తాగుతున్నాడు. కూర్చోమ్మా అన్నాడు. ముప్పై సెకన్లూ మర్చిపోయాను. చొక్కా తీసి బల్ల మీద పరిచాను. పరవగానే ఆయన కుర్చీ గబుక్కున వెనక్కి జరిగింది.

"చూడండి బాబూ, మురికేం లేదు. నిన్ననే ఉతికాను."

"మురికి అని కాదమ్మా. దాన్ని కాస్త అటు చివరికి జరుపుతారా?" గుండె మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ చిన్న యంత్రం పెట్టారు. గుండె కొట్టుకోవడం మర్చిపోతే గుర్తు చేస్తుంది. అయస్కాంతం దగ్గరికొస్తే దానికి తిక్క పుడుతుంది."

నేను చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

"మీ అమ్మాయికి మొదటిసారే చెప్పాను. నా మీద వేసి చూపించబోయింది. ఇలాగే వెనక్కి జరిగాను. ఒక పక్క పడిపోయినవాళ్ళలో నాలాంటి గుండెవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ మీద ఇది వేస్తే ఎలా, అయస్కాంతాలు మార్చి తీసుకురా అన్నాను. ఉత్తరంలో కూడా రాయించాను. ఐదుసార్లూ అదే రాయించాను. ఐదుసార్లూ అదే చొక్కా తెచ్చింది. ప్రతిసారీ ఇంకా బాగా ఇస్త్రీ చేసి."

ఇస్త్రీ నేనే చేశాను. ఐదుసార్లూ.

"మీరు ఐదుసార్లు కాదంటారటగా" అన్నాను. "ఆరోసారి ఇస్తారటగా. పరీక్ష అటగా."

"ఎవరన్నారు?"

"మీరే బాబూ. ఫోన్లో."

ఆయన కళ్ళజోడు తీశాడు. "నన్ను ఐదుసార్లు కాదన్నారని చెప్పాను. నేను కాదంటానని ఎప్పుడు చెప్పానమ్మా?"

నాకు మన పని బల్ల కళ్ళముందుకొచ్చింది. పక్క బల్ల మీద రోజంతా ప్యాంట్లకి హుక్కులు కొడతారు. చదునుగా, పలచగా ఉంటాయి, ఒక చేత్తో నెడితే చాలు పడిపోతాయి. పదకొండేళ్ళుగా నా మోచెయ్యి ఆ హుక్కుల డబ్బాకి తగులుతూనే ఉంది. ఒక్కసారి నువ్వు నాతో "అయస్కాంతం వద్దంటున్నాడమ్మా" అని ఉంటే! ఎందుకంటావు? అది నీకు మాటలా వినపడితే కదా. మెట్టులా వినపడింది. నాకూ అంతే.

"సాయంత్రానికి మార్చి తెస్తాను బాబూ. హుక్కులు పెట్టి తెస్తాను. నాకు పనొచ్చు."

ఆయన గ్లాసు పక్కకి జరిపాడు. "జనవరిలో ఇంకొకళ్ళు తెచ్చారమ్మా. హుక్కులతోనే. వాళ్ళకి ఇచ్చేశాను. మొన్న మీ అమ్మాయి వచ్చిన రోజు ఆ సంగతే చెబుదామనుకున్నాను. ఈలోగా ఒంట్లో బాగాలేక తీసుకుపోయారన్నారు."

"వాళ్ళు ఎన్నోసారి వచ్చారు?"

"ఎవరు?"

"ఆ హుక్కులవాళ్ళు."

"మొదటిసారే."

లేవాలి. లేచే ముందు ఒక్కటి అడగాలనిపించింది, నిన్నటి దాకా ఎప్పుడూ రాని ప్రశ్న. "బాబూ, ఆ రోజు వానలో మీకు జ్వరం చాలా ఉండిందా?"

ఆయన నవ్వాడు. మంచి నవ్వే. "చాలా. గేటు దాకా వెళ్ళి కళ్ళు తిరిగాయి. కాపలాదారు నన్ను భుజాన వేసుకుని ఇంటికి తీసుకొచ్చాడు. మా అమ్మ నాలుగు రోజులు మంచం దిగనివ్వలేదు. ఆ తర్వాత వెళ్ళాను."

"మరి ఫోన్లో అలా లేదు."

"చెప్పగా చెప్పగా ఆ నాలుగు రోజులు ఎక్కడో జారిపోయాయమ్మా. ఇంటికి పోయి పడుకుని ఉంటే అన్న మాట ఎవరో రాసిచ్చారు. చప్పట్లు పడ్డాయి. ఉంచేశాను."

చెడ్డవాడు కాడు ఉడుతా. చెడ్డవాడైతే బాగుండు. తిట్టుకుందును.

గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. "మీ అమ్మాయిలో పట్టుంది. మాట వినదు గానీ పట్టుంది. కోలుకున్నాక నా దగ్గరికి పంపించండి. ఆ హుక్కుల కంపెనీలో మంచి పని ఇప్పిస్తాను. అలాంటి పిల్లలే కావాలి."

"అలాగేనండీ" అన్నాను. "పంపిస్తాను."

మార్చి 26

నేను ఆపలేదు.

చెయ్యి పట్టుకోలేదు. గడియ పెట్టలేదు. పొద్దున నువ్వు పొట్ట పట్టుకుని మంచం అంచున కూర్చున్నావు. "అమ్మా, రేపు వెళ్తానే" అన్నావు. గ్యాస్ నొప్పి అన్నాను. బిళ్ళ ఇచ్చాను. "ఆయన జ్వరంతో వానలో నిలబడ్డాడు, నువ్వు కుర్చీలో కూర్చోలేవా? ఇంతదాకా వచ్చి ఇప్పుడు వెనక్కి పోతావా? ఓర్చుకో" అన్నాను. అట్టలా ఇస్త్రీ చేసి ఉంచిన చొక్కా నీ చేతిలో పెట్టాను. చెప్పులు కూడా నేనే తెచ్చి ముందు పెట్టాను. నువ్వు గుమ్మం దిగుతూ వెనక్కి చూశావు. నేను వెళ్ళు వెళ్ళు అని చెయ్యి ఊపాను.

లోపల పేగు పగిలి ఆరుగంటలైందని డాక్టరు అన్నాడు. ముందే తెస్తే చిన్న ఆపరేషను అన్నాడు.

ఏమీ తినకుండా వెళ్ళావు. వచ్చాక తింటుందిలే అనుకున్నాను.

మార్చి 27

ఏం రాయను.

మార్చి 28

నాన్నకి చెప్పాను. మొండిసారు సంగతి, అయస్కాంతాల సంగతి, చివరికి నా సంగతి. నేనే పంపానండీ, అది రేపు వెళ్తానంది, నేనే పంపాను అన్నాను. ఆయన చాలాసేపు నా వైపు చూశాడు. ఉన్నది ఒక్క మాట. ఆ ఒక్క మాట కూడా అనలేదు.

తర్వాత చొక్కా మారుద్దామని దగ్గరికి వెళితే మంచి చేత్తో నా చెయ్యి తోసేశాడు. కాసేపాగి మళ్ళీ వెళ్ళాను. ఈసారి తొయ్యలేదు. మొహం మాత్రం గోడ వైపే ఉంది.

మార్చి 30

గది ఖాళీ చేశాం. పొడుగుపిల్లా నేనూ.

దానికి సంగతంతా చెప్పాను, ఒక్క నా ముక్క తప్ప. అది నమ్మలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, తడిగుడ్డ పెట్టి, పై నుంచి ఒక్కొక్క ఉత్తరమే ఊడదీసింది. నా జిగురు గట్టిది, ఓ పట్టాన రాలేదు. ఐదోది తీస్తే నాలుగోదాని కింద సగం బయటపడింది. నాలుగోది తీస్తే మూడోదానిది. ప్రతిదాంట్లో అదే మాట. అయస్కాంతాలకు బదులు వేరే బిగింపు ఆలోచించగలరు, అప్పుడు తప్పకుండా రండి. రెండోదాని చివర చేత్తో రాసిన వాక్యం కూడా ఉంది, సిరాతో. 'ఆలోచన చాలా మంచిది. తొందర లేదు.'

తొందర లేదు అట.

"మేం చదివాం ఆంటీ" అంది పొడుగుపిల్ల. నేల మీద కూలబడిపోయింది. "చదవక కాదు. చదివి నవ్వుకున్నాం. కారణం ఏదో ఒకటి రాయాలిగా, రాశాడు అంది తను. నేనూ అదే అన్నాను. నాకైనా తట్టలేదు. నాకైనా..."

దాన్ని దగ్గరికి తీసుకోవాలి కదా. తీసుకోలేదు. నా చేతులు రాలేదు. గోడ మీద చతురస్రాలు మిగిలాయి, తెల్లగా. ఇంటివాళ్ళు వచ్చి సున్నం వేయించుకుంటాంలే అన్నారు.

ఏప్రిల్ 1

అది ఉద్యోగంలో చేరి ఉంటుంది. మంచిదే.

ఏప్రిల్ 4

చేరలేదు.

ఈరోజు మధ్యాహ్నం వచ్చింది. సంచీ నిండా హుక్కులు. కళ్ళు లోపలికి పోయాయి.

"ఆంటీ, మూడు రోజులుగా ఇదే పని. వాళ్ళ హుక్కుల చొక్కా కొని తెచ్చి విప్పి చూశాను. చెయ్యి తెరుచుకోదు. మనది తెరుచుకుంటుంది. మనది ఇంకా మంచిది. వేరే ఇన్వెస్టర్లున్నారు. రేపు ఒకావిడ రమ్మంది. తన కోసం వెళ్తాను ఆంటీ. ఇలా వదిలేస్తే..."

"ఏం తిన్నావు?"

"తింటాలెండి. ముందు ఈ అంచు ఎలా తిప్పాలో చెప్పండి."

మాట మధ్యలో దగ్గింది. దగ్గి దగ్గి డొక్క పట్టుకుని గోడకి ఆనుకుంది. "ఏం లేదు ఆంటీ. ఓర్చుకుంటాను."

నాకేమైందో తెలియదు. హుక్కుల సంచీ లాక్కుని వీధిలోకి విసిరేశాను. వీధంతా గలగలమంది. "పో" అన్నాను. "ఓర్చుకోకు. నా ఇంట్లో ఎవరూ ఓర్చుకోవద్దు, పో." ఎప్పుడూ దాన్ని ఒక్క మాటన్నదాన్ని కాదు. అది వంగి ఒక్కొక్క హుక్కే ఏరుకుంది, అంత పొడుగు మనిషి. నేను చూస్తూ నిలబడ్డాను. ఏరుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. తినకుండానే.

ఏప్రిల్ 5

ఉడుతా, నీకు ఇంక ఏం రాయను. నువ్వు చదవవు. ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలియనట్టు రాశాను.

నాకు బాగుంటుందని ఎవరైనా అంటే నేను నమ్మను. నాన్న మాట్లాడడు. నేను కాజాలు కుడతాను. ఇంతే ఇంక.

కానీ పొడుగుపిల్ల ఇవాళ ఎవరో ఆవిడ గది బయట కుర్చీలో కూర్చుని ఉంటుంది.

ఏప్రిల్ 6

పొడుగుపిల్లా,

ఈ పుస్తకం నీ కోసం రాసింది కాదు. ఎవరి కోసమూ కాదు. కటింగ్ మాస్టారు మీ వీధి మీదుగా వెళ్తాడు, అతని చేత పంపిస్తున్నాను. ముందువైపు ఉడుత రాసిన కొలతలున్నాయి, అవి నీకు పనికొస్తాయి. వెనకవైపు నావి. చదువు. మార్చి 26న రాసింది రెండుసార్లు చదువు. నీకు చెప్పకుండా దాచిన ముక్క అదే. చదివాక నా మొహం చూడబుద్ధి కాకపోతే చూడకు, నేనేమీ అనుకోను. నాకే చూడబుద్ధి కాదు.

చొక్కా అవుతుందో అవదో నాకు తెలియదు. అవదనే అనిపిస్తుంది. అయినా ఉడుత ప్రాణం తిరిగి రాదు, ఊరికే పోలేదన్న మాటా రాదు. అది నేను అడగకూడని మాట. నువ్వు కూడా దాని కోసం అని వెళ్ళకు. వెళ్తే నీ కోసం వెళ్ళు. ఎవరైనా కాదంటే ఎందుకో కింద దాకా చదువు. ఒంట్లో బాగాలేకపోతే రేపు వెళ్ళు. రేపు ఉంటుంది. మొండిసారు కూడా నాలుగు రోజులు పడుకునే వెళ్ళాడు.

అంచు లోపలికి రెండు మడతలు తిప్పి, హుక్కు పడే చోట లోపల కాన్వాసు ముక్క పెట్టు. లేకపోతే గుడ్డ చిరుగుతుంది. మొన్న నువ్వు అడిగింది అదే.

డొక్క నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించు. నన్ను రమ్మంటే వస్తాను, వద్దంటే రాను.

ఈ పుస్తకం ఇప్పుడే చదవక్కర్లేదు. మూసి పక్కన పెట్టు. ముందు కడుపు నిండా తిను.